పరదేశపు పూటకూటియిండ్లలో పసిబిడ్డలు

పూటకూటియిల్లు మన తెలుగువారికి క్రొత్తది కాదు. క్రీడాభిరామము చదివినవారికి ఓరుగంటి నగరమున రూకలిచ్చి భోజనము చేయు యిల్లొకటి యుండెననియు, అచటి వంటకములను కవి యెంత యిష్టముగ వర్ణించెననియు జ్ఞాపకముండును. గురజాడవారి కన్యాశుల్కములోని పూటకూళ్లమ్మ యెవరికి దెలియదు? అయినను ఆ యిండ్లకు పోయెడివారెవరు? బాటసారులు, వ్యాజ్యములకై పట్టణమునకు వచ్చినవారు, ఇల్లాలు దగ్గఱలేని యుద్యోగులు, చదువుకొను పిల్లవాండ్రు. చంకబిడ్డతో నొక యిల్లాలు పూటకూటియింట విస్తరి ముందు కూర్చుండుట మన తాతలు కని విని యెఱుగరు. ప్రయాణములో పసివానికి ఆకలియైనచో మూటలోని చలిదియో, దారిలోని చుట్టముల యింటి పాలో దిక్కు.

నేడు మీలో పెక్కుమంది మనుమలును మనుమరాండ్రును పరదేశములలో పెరుగుచున్నారు. ఈ పూట హోటలులో తింటిమని ఆ బిడ్డలు ఫోనులో చెప్పినప్పుడు మీ మనస్సు చివుక్కుమనుట సహజము. ఇంట పొయ్యి వెలిగించుట మానిరా, బిడ్డలను అంగడికూటికి అప్పగించిరా అని యడుగని పెద్దలు లేరు. నేను భార్యతోను ఇద్దఱు పసిపిల్లలతోను జపాను దేశపు రాజధానియగు టోకియో నగరమున ఆఱేండ్లు కాపురముంటిని. అచటి భోజనశాలలలో కొన్ని మా బిడ్డలను చేతులు చాచి పిలిచినవి. కొన్ని గుమ్మమునుండియే త్రిప్పి పంపినవి. ఈ భేదము మనుష్యుల మంచితనమునుబట్టి వచ్చినది కాదు. దాని వెనుక ఆ నగరపు చరిత్రయున్నది. ఆ చరిత్రనే నేడు మీకు విన్నవించుకొందును.

మొదట బయట తినుట యేల వచ్చెనో చెప్పవలెను. టోకియోలో మావంటివారి యిల్లనగా రెండు చిన్న గదులు, గోడవారగా ఒక పొయ్యి. అమ్మమ్మ లేదు, నాయనమ్మ లేదు. ఒక్క గడియ బిడ్డను పట్టుకొమ్మని చెప్పుటకు ఎదురింటి పిన్నిగారు లేదు. బిడ్డకు టీకా వేయించుటకు పోయినను, ప్రభుత్వ కార్యాలయమున కాగితము తెచ్చుకొనుటకు పోయినను నలుగురమును కలిసియే పోవలెను. పని ముగిసి బిడ్డ ఆకలికి ఏడ్చునప్పటికి ఇల్లు పది రైలు స్టేషనుల దూరమున నుండును. వెంట తెచ్చిన పెరుగన్నము ఒక పూటకు వచ్చును. రెండవ పూటకు రాదు.

ఇక చరిత్ర. 1868 వఱకు టోకియో నగరమునకు ఎడో అని పేరు. అది షోగునులను సేనాధిపతుల రాజధాని. దేశమందలి సామంతరాజులు ఏడు విడిచి యేడు ఆ నగరమున నివసింపవలెనని శాసనముండెను. వారితో వేలకొలది భటులు వచ్చెడివారు; ఆ భటుల భార్యాబిడ్డలు మాత్రము స్వగ్రామములందే యుండిపోయెడివారు. దీనికి తోడు 1657లో నగరము చాల భాగము కాలి బూడిదయ్యెను. దానిని మరల కట్టుటకై నలుదెసలనుండి వడ్రంగులును, కూలివారును వచ్చిచేరిరి. ఊరంతయు ఒంటరి మగవాండ్రు. వండిపెట్టు దిక్కులేని ఆ జనమును నమ్ముకొని వీథివీథికిని తినుబండారముల బండ్లు వెలసినవి. సోబా యను పొడుగు సేమియాలు, నూనెలో వేచిన టెంపురా, నిప్పులపై కాల్చిన మలుగుచేప, పుల్లని యన్నపుముద్దపై చేపముక్క నుంచిన సుషీ, ఇవన్నియు నిలుచుండి నాలుగు నిమిషములలో తిని పోవుటకు పుట్టిన వంటకములు. నేడు ప్రపంచమంతటను మహారాజభోగముగ నెంచబడు సుషీ యొకప్పుడు కూలివాని ఫలహారమనిన మీకు వింతగ తోచవచ్చును.

ఆ బండ్ల సంతతియే నేటి టోకియోలోని చిన్న చిన్న సేమియా దుకాణములు. ఎనిమిదో పదియో ఎత్తుపీటలు, వాని ముందొక పొడవైన బల్ల, బల్ల కావల మరుగుచున్న నీటికుండ, వంటవాడు. వచ్చినవాడు మాటలాడడు, జుఱ్ఱుమని త్రాగి, పైకము చెల్లించి పోవును. ఒకనాడు చలిలో మేమట్టి దుకాణపు తెర తొలగించి, తోపుడుబండిలోని బిడ్డతో లోపలికి అడుగుపెట్టితిమి. యజమాని మమ్ము చూచి రెండు ముంజేతులను గుణకారపు గుఱుతువలె అడ్డముగ నుంచెను. కూడదని చెప్పుటకు ఆ దేశమున అది సంజ్ఞ. నా భార్య మనస్సు కష్టపడినది. పరదేశీయులమని త్రోసివేసినాడా యని దారిపొడుగునను ఆమె యడుగుచునే యుండెను. కొన్ని దినములకు అదే దుకాణము ముందు బిడ్డనెత్తుకొన్న జపానుతల్లికిని అదే సంజ్ఞ లభించుట మేము కన్నులార చూచితిమి. ఒంటరివాని కొఱకు పుట్టిన దుకాణమున బిడ్డను కూర్చుండబెట్టు చోటు పుట్టుకలోనే లేదు. ఆ యజమానిని నేను మెచ్చుకొనను. కాని అతనిపై కోపమును లేదు. ఇట్టి చోట్ల పొగత్రాగువారి బెడదయు మెండుగ నుండెడిది. 2020 ఏప్రిలునుండి అమలైన చట్టముచే అది చాలవఱకు తగ్గినది.

బిడ్డలకు పీట వేసిన వంశము వేఱు. అది వస్త్రవర్తకుల వలన కలిగినది.

1673లో ఎచిగోయా యను బట్టల దుకాణమొకటి ఎడో నగరమున వెలసెను. అదియే 1904లో మిత్సుకోషి యను పేర, అన్ని వస్తువులును ఒక్క కప్పు క్రింద అమ్ము పెద్ద అంగడిగా మారెను. అట్టి యంగడికి పురుషులకంటె స్త్రీలు ముఖ్యము. స్త్రీలు వచ్చిన బిడ్డలు వెంట వత్తురు. బిడ్డకు ఆకలియైన తల్లి బేరము సగములో విడిచి యింటికి పోవును. ఈ చిన్న సత్యమును కనిపెట్టుటకు వర్తకులకు ఎంతో కాలము పట్టలేదు. 1907లో మిత్సుకోషివారు తమ యంగడిలోనే భోజనశాల తెఱచిరి. స్త్రీయొకతె బిడ్డలతో, మగతోడు లేకుండ, గౌరవభంగములేకుండ కూర్చుండి తినదగిన చోటు ఆ నగరమున అరుదుగ నున్న దినములవి. అంతకుముందు పొట్ట నింపుటకే యుండిన బయటి కూడు, ఇట్లు కుటుంబమంతయు కలిసి చేయు ఆదివారపు వేడుకగ మారసాగెను.

1923 సెప్టెంబరు 1వ తేదీన టోకియో ప్రాంతమున మహాభూకంపము కలిగెను. మధ్యాహ్నభోజనపు వేళ, ఇంటింట పొయ్యి వెలుగుచుండగా భూమి కంపించుటచే మంటలు లేచి నగరమును మ్రింగినవి. లక్షకు పైగా ప్రజలు మరణించిరి. మరల కట్టిన పెద్ద యంగళ్లలో ఒక మార్పు కనబడెను. అదివఱకు కొనవచ్చినవారు గుమ్మముకడ చెప్పులు విడిచి చాపలపై నడువవలసియుండెను. ఇప్పుడు చెప్పులతోనే లోపలికి రానిచ్చిరి. ఇది చిన్న సంగతివలె తోచును. ఒక చేత బిడ్డను, ఒక చేత సంచిని పట్టుకొన్న తల్లి నడిగి చూడుడు, ఎంత పెద్ద సంగతియో చెప్పును.

భూకంపము దెబ్బ మానకముందే 1929లో న్యూయార్కు షేర్ల బజారు కూలెను. జపాను రైతులకు పట్టుపురుగుల పెంపకము గొప్ప యాధారము. ఆ పట్టులో అధికభాగము అమెరికాకు పోయెడిది. కొనువారు లేక పట్టు ధర పడిపోయెను, పల్లెలు అప్పులపాలయ్యెను, పట్టణములలో పనులు పోయినవి. ఆ చీకటి దినములలో, 1930 డిసెంబరునందు, మిత్సుకోషి భోజనశాల పెత్తనము చూచుచుండిన అండో తారో యను నతడు పిల్లలకొఱకు ప్రత్యేకముగ నొక పళ్లెము సిద్ధపఱచెను. దానికి ఒకొసామా యోషోకు అని పేరు. కో యనగా బిడ్డ. ముందు వెనుకల చేర్చినవి గౌరవవాచకములు. తెలుగున చెప్పవలెనన్న, బిడ్డగారి పాశ్చాత్యభోజనము. ఆ పళ్లెములో తక్కాళీపండ్ల రసముతో ఎఱ్ఱగ కలిపిన యన్నమును కొండ యాకారమున పోసి, శిఖరమున చిన్న కాగితపు జెండా గ్రుచ్చిరి. చుట్టును వేపుడుముద్ద, ఇటలీదేశపు సేమియా, రొట్టెముక్కలు, చక్కెరబిళ్లలు. వెల ముప్పది సెన్‌లు. నూఱు సెన్‌లు ఒక యెన్. తారో కొండలెక్కుటయందు మక్కువ గలవాడని చెప్పుదురు. అన్నపుకొండ మీద జెండా అందువలననే వచ్చినదట. మఱుసటి సంవత్సరము, 1931లో, యుయెనో పేటలోని మత్సుజకాయా యంగడివారు ఇట్టి పళ్లెమునకే ఒకొసామా రంచి యని పేరిడిరి. ఆ పేరే దేశమంతటను నిలిచిపోయెను.

ఇచట ఒక పోలిక చెప్పవలెను. పిల్లల కొఱకు వేఱుగ వంటకముల పట్టీ యుంచుట జపానువారికంటె ముందు అమెరికావారు చేసిరి. 1920లో ఆ దేశమున మద్యనిషేధము వచ్చెను. మద్యమువలన వచ్చు లాభము పోయిన పెద్ద హోటళ్లు క్రొత్తగ వచ్చువారిని వెదకుకొనవలసి వచ్చెను. 1921లో న్యూయార్కునందలి వాల్డార్ఫ్ అస్టోరియా హోటలువారు పిల్లల పట్టీ నొకదానిని వెలువరించిరి. కాని దానిలోని వంటకములు మిక్కిలి చప్పనివి. ఎమెట్ హోల్ట్ అను వైద్యుడు 1894లో ప్రకటించిన శిశుపోషణ గ్రంథము అప్పటి తల్లులకు వేదవాక్యమైయుండెను. రుచిగల ఆహారము పసివారికి చేటని అతని మతము. రెండు దేశములందును వర్తకుని యవసరమే బిడ్డకు పీట వేసినది. ఒకచోట పళ్లెమును వైద్యుడు నిర్ణయించెను. రెండవచోట బిడ్డ కన్నుల మెఱపు నిర్ణయించెను. నా పక్షపాతము దేనివైపో మీరు గ్రహించియే యుందురు. ఆ పళ్లెములో నూనెయు తీపియు ఎక్కువయని నాకు తెలియకపోలేదు.

మావంటివారికి తోడ్పడినది మఱియొకటి కలదు. జపాను భోజనశాలల ముందు అద్దపు బీరువాలలో వంటకములన్నియు వండి వడ్డించినట్లే యుండును. చేతితో తాకిన గాని అవి బొమ్మలని తెలియదు. పాశ్చాత్యపు వంటలు క్రొత్తగా వచ్చుచున్న కాలమున, పేరు విన్నను రూపమెఱుగని జనమునకు చూపుటకై టోకియోలోని పెద్ద యంగళ్లు ఇట్టి నమూనాలను మొదలిడినవి. గుజో హచిమాన్ అను కొండయూరి నుండి వచ్చిన ఇవాసాకి తకిజో 1932లో ఒసాకా నగరమున దీనిని పెద్ద వ్యాపారముగ స్థాపించెను. తన భార్య వండిన గ్రుడ్డట్టును చూచి మైనముతో పోసినది అతని తొలి నమూనాలలో ప్రసిద్ధమైనది. ఇప్పుడు మైనమునకు బదులు ప్లాస్టిక్కు వాడుచున్నారు. ఆ భాషలో అక్షరము రాని తండ్రి, ఏ భాషయు ఇంక సరిగ రాని బిడ్డ, ఇద్దఱును సమానముగ వ్రేలు చూపి భోజనము తెప్పించుకొనగల చోటు ఇంతకన్న నెచట దొరకును?

కాని వ్రేలు చూపుట చాలని చిక్కొకటి యుండెను. మాది శాకాహారపు టిల్లు. జపాను వంటలో మాంసము లేకుండుట కష్టము కాదు. 675వ సంవత్సరముననే అచటి చక్రవర్తి పశుమాంసమును చాలవఱకు నిషేధించెను. 1872లో మెయిజీ చక్రవర్తి తాను గోమాంసము తిన్నట్లు లోకమునకు తెలియజేయువఱకు ఆ యాచారము ఏదో యొక రూపమున నడచినది. చేప సంగతి వేఱు. కత్సువో యను చేపను ఉడికించి, పొగబెట్టి, ఎండబెట్టి, కఱ్ఱవలె గట్టిపఱచి, చిత్రికపట్టినట్లు పొరలు తీసి, ఆ పొరలను నీట కాచి వడియగట్టుదురు. ఆ నీటికి దాషి యని పేరు. మనకు చారుకు చింతపండెట్లో వారికి దాషి యట్లు. కంటికి కేవలము కూరగాయలుగ కనబడు పులుసులోను, సేమియాలోను, గ్రుడ్డట్టులోను కూడ అది యుండును. అందులో చేపయున్నదని వారికి తోచనే తోచదు. బౌద్ధమఠముల శాకాహారభోజనములో మాత్రము సముద్రపు నాచుతోను పుట్టగొడుగులతోను దాషి కాచుదురు. అది ఖరీదైనది, పిల్లలతో పోదగినదియు కాదు.

మా పెద్దమ్మాయికి నాలుగేండ్లు వచ్చునప్పటికి శిశుపాఠశాలలో ఆ భాష గడగడ మాటలాడుట నేర్చెను. ఒక భోజనశాలలో వడ్డించు నామె మా బల్లకడకు వచ్చినప్పుడు, మేము కూడబలుకుకొని యడుగులోపల అదియే తలయెత్తి, ఈ పులుసులో కత్సువో యున్నదా, మా యింట చేప తినము అని స్పష్టముగ నడిగెను. ఆమె లోపలికి పోయి వంటవానినడిగి వచ్చి, ఉన్నదని చెప్పి, బిడ్డతో సమానముగ మోకాళ్లపై వంగి కూర్చుండి, తెల్లయన్నము, వేచిన నువ్వులు, ఉప్పు, దోసకాయముక్కలు తెత్తునా యని బిడ్డనే యడిగెను. అన్నపు వెల మాత్రమే పుచ్చుకొనెను. ఆనాడు నాకు సంతోషమెంత కలిగెనో చిన్నతనమును అంతే తోచెను. తండ్రికి బిడ్డ నోరగుట వృద్ధాప్యమునందు వినియున్నాము. ముప్పదియైదేండ్లకే అగుట పరదేశవాసము తెచ్చినది. తమ బిడ్డలు బయటి దేశములలో మొద్దువలె మౌనముగ నుండి, మనుమలు పెద్దవారివలె బేరములాడుచున్నారని మీరు విన్నచో ఆశ్చర్యపడకుడు.

బిడ్డలు నేర్చుకొన్నవి మాటలే కాదు. తినుటకుముందు చేతులు జోడించి ఒక కృతజ్ఞతావాక్యము పలుకుదురు. అన్నమును కన్నులకద్దుకొను మనకు అది పరాయిగ తోచలేదు. తినుపుల్లలతో నొకరు పట్టిన ముక్కను మఱియొకరు పుల్లలతో నందుకొనరాదు; దహనానంతరము అస్థులను ఇద్దఱు అట్లు పట్టి యెత్తుదురు. అన్నములో పుల్లలను నిలువుగ గ్రుచ్చరాదు. అది ప్రేతమునకు పెట్టు అన్నపుగిన్నెకు గుఱుతు. పిండమన్న నేమో యెఱిగిన మనకు దీనిని వివరింపనక్కఱలేదు. అంత పట్టుదలగలవారు పిల్లల యన్నపుకొండపై జెండా గ్రుచ్చుట కెట్లొప్పుకొనిరో నాకిప్పటికిని వింతయే. మా పెద్దమ్మాయి ఆ జెండాలను ఒక డబ్బాలో దాచుకొనెడిది.

యుద్ధము ఆ జెండాలను కొంతకాలము మాపివేసెను. 1941లో పెద్ద నగరములందు బియ్యమునకు పట్టీలు వచ్చినవి. బయట భోజనమే కరవైన దినములలో బిడ్డల పళ్లెమెక్కడిది? తరువాత దేశము కోలుకొన్నకొలది అదియు మరల వచ్చెను. 1958లో షిరాయిషి యోషియాకి యనునతడు ఒసాకా ప్రాంతమున, కదలుచున్న పట్టాపై సుషీ పళ్లెములు త్రిప్పు దుకాణము తెఱచెను. ఒంటరి కూలివాని సుషీ ఆ పట్టాపైనెక్కి పిల్లల వినోదమయ్యెను. 1970లో స్కైలార్క్ యను భోజనశాల టోకియో శివారున మొదలై, కార్లలో వచ్చు కుటుంబములకు వెడల్పైన ఆసనములు, ఎత్తుకుర్చీలు, పిల్లల పట్టీ అన్నిచోట్లను ఒకటే తీరున నుండు పద్ధతిని వ్యాపింపజేసెను. మా బిడ్డలు పాలు ఒలకబోసినది, ఏడ్చినది, బల్ల క్రింద నిదురించినది ఎక్కువగ నట్టి చోట్లనే. ఎవరును ముఖము చిట్లింపలేదు.

మనదేశస్థుడొకడు బిడ్డలతో ఆ నగరమున కాపురముండి, అచటి భోజనశాలల చరిత్రలో పేరు నిలిపెను. రాస్‌బిహారీ బోసు పేరు మీరు వినియుందురు. 1912లో ఢిల్లీనగరమున రాజప్రతినిధిపై బాంబు వేయించిన సంగతిలోను, తరువాతి విప్లవయత్నములోను తెల్లవారు తన్ను వెదకుచుండగా 1915లో జపానునకు తప్పించుకొని పోయెను. అతనిని వెడలగొట్టుమని ఆంగ్లప్రభుత్వము ఒత్తిడి చేయగా, షిన్‌జుకు పేటలో నకమురాయా యను రొట్టెల దుకాణము నడుపుచున్న సోమా దంపతులు తమ యింట దాచిరి. 1918లో వారి కుమార్తె తోషికోను వివాహమాడెను. ఒక కొడుకు, ఒక కూతురు కలిగిరి. 1925లో తోషికో మరణించెను. 1927లో నకమురాయావారు భోజనశాల తెఱచినప్పుడు బోసు పురికొల్పగా భారతదేశపు కోడికూరయు అన్నమును వడ్డింపసాగిరి. ఆంగ్లేయులు జపానునకు తెచ్చిన పిండికలిపిన పసుపుకూర మన కూర కాదని అతని పట్టుదల. ఇతరచోట్ల పది పండ్రెండు సెన్‌లకు ఆ పసుపుకూర దొరకుచుండగా అచట ఎనుబది సెన్‌లు. అయినను జనము వచ్చిరి. స్వరాజ్యము చూడకయే బోసు 1945 జనవరిలో కన్నుమూసెను. అతని కొడుకు జపాను సైనికుడై అదే సంవత్సరము ఒకినావా యుద్ధమున మడిసెను. 1949లో, అచటనే స్థిరపడిన కేరళదేశస్థుడు ఏ. ఎం. నాయరు గిన్‌జా పేటలో మఱియొక భారతీయ భోజనశాల తెఱచెను. రెండును నేటికిని నడుచుచున్నవి.

మేము ఆ షిన్‌జుకు భోజనశాలకు పోయితిమి. కోడికూర మేము తినము గనుక కూరగాయలతో చేసినదే తెప్పించుకొంటిమి. తల్లిలేని యిద్దఱు బిడ్డలకు తండ్రియైన ఆ ప్రవాసి సంగతి నేను మా పిల్లలకు చెప్పుచుంటిని. మా చిన్నవాడు ఒక చెంచా నోటబెట్టుకొని, కన్నుల నీళ్లు నింపుకొని, కరాయ్ అనెను. జపాను భాషలో కారమునకు అదియే మాట. వడ్డించు నామె పరుగున చల్లని పాలు తెచ్చెను. వాడు పాలు త్రాగి, జెండాయన్నము లేదా యని యడిగెను.